విడిచిపెట్టుట కూడ ఒక విద్యయే

అమరకోశమును వల్లించినవారికి ‘సహస్రదంష్ట్రము’ అను మాట క్రొత్త గాదు. వారివర్గమున పాఠీనమునకు చెప్పబడిన మారుపేరు అది. వేయి కోరలు గలది యని దాని యర్థము. పాఠీనమనగా మన వాలుగచేపయే యని పెద్దలు చెప్పుదురు. చేపకు రంగును బట్టియో, రూపమును బట్టియో, రుచిని బట్టియో పేరు పెట్టుట లోకమున సహజము. పండ్లను బట్టి పేరు పెట్టినవాడు మాత్రము దానిని దూరమునుండి చూచినవాడు గాడు. ఏ జాలరియో గాలమును ఊడదీయబోయి, వ్రేలు దాని నోట చిక్కించుకొని, నెత్తురు కార్చిన పిమ్మట పుట్టిన పేరయి యుండవలెను. కోశకారుడు దానిని శ్లోకములో పొదిగినాడు. తరతరముల పిల్లలు, చేపను చూడకయే, పేరును కంఠస్థము చేసిరి.

నేడు అమరము వల్లించు పిల్లలు అరుదు. సహస్రదంష్ట్రము మాత్రము మన మంజీరలో ఇంకను ఉన్నది. మహారాష్ట్రమున బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలలో పుట్టి, బీదరు సీమను దాటి, తెలంగాణమున ప్రవేశించి, మొత్తము 724 కిలోమీటర్లు ప్రవహించి గోదావరిలో కలియు నది మంజీర. సంగారెడ్డి జిల్లాలో ఆ నదిపై సింగూరు జలాశయమును, దానికి దిగువ కలబగూరు యొద్ద మంజీర ఆనకట్టయు ఉన్నవి. హైదరాబాదు నగరము 1965 నుండి ఈ నది నీరు త్రాగుచున్నది. సింగూరునకును ఈ ఆనకట్టకును నడుమనున్న జలభాగమును 1978లో మొసళ్ల రక్షణకై అభయారణ్యముగా ప్రకటించిరి. అదే జిల్లాలో, అక్కడికి కొద్ది దూరముననే, పటాన్‌చెరువు కర్మాగారముల వరుస ఉన్నది. ఆ కర్మాగారముల నడుమ ప్రవహించు నక్కవాగు కూడ కడపట మంజీరలోనే కలియుచున్నది. ఒకవైపు మొసలికి అభయమిచ్చిన నీరు. మరొకవైపు చేపకు నిలువనీడ లేని నీరు. ఈ రెంటిని ఒక్కచోట చూపగల జిల్లా ఇది.

సెలవుదినములలో జలాశయముల గట్లపై గాలములు పట్టుకొని కూర్చుండువారి సంఖ్య ఈ మధ్య పెరిగినది. వారిలో కర్మాగారముల పనివారు కలరు, కళాశాలల విద్యార్థులు కలరు, నగరమునుండి వాహనములపై వచ్చు ఉద్యోగులును కలరు. చేపలు పట్టుటయే జీవనముగా గల ముదిరాజుల విషయము, గంగపుత్రుల విషయము వేరు. వారు పట్టినది అమ్ముకొనవలెను, బిడ్డలను పోషించుకొనవలెను. వారికి హితోపదేశము చేయుటకు ఈ వ్యాసము ఉద్దేశింపబడలేదు. నేను చెప్పదలచినది వినోదమునకై గాలము వేయువారిని గూర్చి. వారిలో కొందరు పట్టిన చేపను చేతితో ఎత్తి, సెల్‌ఫోనులో బొమ్మ తీయించుకొని, మరల నీటిలో విసరి, ‘ప్రాణదానము చేసితిమి’ అని తృప్తి పొందుచున్నారు. వారి మనసు మంచిదే. కాని ప్రాణదానము నిజముగా జరిగినదా అనునదే ప్రశ్న.

విడిచిన చేప మునిగి మాయమైనంతనే బ్రతికినదని మనము అనుకొందుము. నీటిలోపల జరుగునది మనకు కనబడదు. 1992లో కెనడా శాస్త్రజ్ఞులు రెయిన్‌బో ట్రౌట్ అను చేపలపై జరిపిన ఒక పరిశోధన ఫలితములను ప్రకటించిరి. చేపలను అలసిపోవువరకు తరిమి, వెంటనే నీటిలోనే విడిచినప్పుడు, 12 గంటల తరువాత నూటికి 88 బ్రతికియున్నవి. అటులే అలసిన చేపలను 30 సెకండ్లు గాలిలో ఉంచి విడిచినప్పుడు బ్రతికినవి 62. ఒక్క నిమిషము ఉంచి విడిచినప్పుడు బ్రతికినవి 28 మాత్రమే. ట్రౌట్ చల్లని నీటి చేప. మన వాలుగ దానికి జ్ఞాతి యైనను గాదు. అంకెలు మన చేపలకు యథాతథముగా అన్వయింపవు. అయినను మొప్పలతో ఊపిరి పీల్చు ప్రాణికి గాలిలో గడచు ప్రతి క్షణము ఎంత బరువైనదో ఈ అంకెలు చెప్పకయే చెప్పుచున్నవి. బొమ్మ కొరకు గడచిన ఆ ఒక్క నిమిషముననే దానము హత్యగా మారవచ్చును. చచ్చిన చేప మరుసటి దినము ఎక్కడనో తేలును. అప్పటికి దాత ఇంటికి చేరియుండును.

కావున విడిచిపెట్టుట ఒక విద్య. పట్టుట నేర్పువారు మనకు పెక్కుమంది కలరు. ఏ ఎర పెట్టవలెనో, బెండు ఎప్పుడు మునుగునో, దారము ఎప్పుడు గుంజవలెనో ఏ పల్లెకుఱ్ఱవాని నడిగినను చెప్పును. విడుచుట నేర్పువారు లేరు. నా తలపు ఏమనగా, ఈ విద్యకు నాలుగు పాఠములు గలవు: చేయి, కాలము, చోటు, నీరు. మొదటి మూడును మన వశములోనివి. నాలుగవది మన వశములో నున్నట్లు కనబడదు. కాని అది లేనిచో తక్కిన మూడును నిష్ఫలములు.

మొదటి పాఠము చేయి. వాలుగ నోరు కన్నుల వెనుకకు సాగియుండును. దవడలపై సన్నని కోరలు పట్టీలు పట్టీలుగా, గొంతువైపునకు వంగి యుండును. లోనికి పోయినది జారి వెలుపలికి రాకుండుటకు ప్రకృతి చేసిన ఏర్పాటది. ఆ నోట వ్రేలు చిక్కినవాడు సహజముగా వెనుకకు లాగును. లాగినకొలది చర్మము చీలును. అట్టియెడ కదలక నిలిచి, తోడివానిచే దవడలను తెరిపించుకొనవలెను. అసలు వ్రేలు పెట్టకుండుటయే ఉత్తమము. గాలమును తీయుటకు పొడవు మూతి పట్టకారు చేతనుండని వాడు ఇట్టి చేపకై గాలము వేయనే కూడదు. గాలపు మొనకు వెనుకనుండు ఎదురుముల్లును పట్టకారుతో ముందుగానే నొక్కివేసినచో అది సులభముగా ఊడివచ్చును. చేపకు గాయము తక్కువ, మన వ్రేళ్లకు అపాయము తక్కువ. చేప గాలమును లోతుగా మ్రింగినయెడల ప్రేగులను పెకలింపక, దారమును నోటికి దగ్గరగా కత్తిరించి విడుచుటయే మేలు.

వాలుగకు పొలుసులు లేవు. ఒంటిని కప్పియున్న జిగురే దానికి చొక్కా, దానికి కవచము. పొడి చేతులతో పట్టినను, గుడ్డతో తుడిచినను, ఎండకు కాగిన బండపై పరుండబెట్టినను ఆ కవచము ఊడిపోవును. తరువాత రోగములు సులభముగా సోకును. కనుక చేతులను ముందుగా తడుపుకొనవలెను. సాధ్యమైనంతవరకు చేపను నీటినుండి వెలికి తీయకయే గాలము తీయవలెను. ఎత్తవలసివచ్చినచో ఒక చేయి తల క్రిందను, ఒక చేయి పొట్ట క్రిందను ఉంచి, అడ్డముగా ఎత్తవలెను. దవడకు కొక్కెము తగిలించి నిలువుగా వ్రేలాడదీయుట మహాపరాధము. నీటిలో తేలియాడుటకు అలవడిన వెన్నెముక తన దేహభారమును ఎన్నడు మోసినది గాదు. మొప్పలలో వ్రేళ్లు దూర్చుట, కన్నుగుంటలు పట్టి ఎత్తుట అంతకంటెను హీనము. మొప్ప యనగా చేప ఊపిరితిత్తియే. అందులో నెత్తురు పలుచని పొర చాటుననే పారుచుండును.

విడుచునప్పుడును విసరరాదు. ప్రవాహమునకు ఎదురుగా తల ఉండునట్లు పట్టుకొని, మొప్పలు మెల్లగా తెరచుకొని మూసికొనువరకు ఓపికపట్టి, తోక బలముగా ఊపి తానై చేతిలోనుండి జారిపోవువరకు వేచియుండవలెను. బిడ్డకు నడక నేర్పు తల్లి చేయి ఎప్పుడు వదలునో చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కొరమీను. మన ప్రాంతమున దీనినే కొర్రమట్ట యందురు. తెలంగాణ రాష్ట్రము తన రాష్ట్రమత్స్యముగా ఎన్నుకొన్నది దీనినే. దీనికిని పదునైన పండ్లు గలవు. పామువంటి తల గలదు. కాని దీని ఊపిరి తీరు వాలుగకు పూర్తిగా విరుద్ధము. తలలోపల గాలిని పీల్చు ప్రత్యేకమైన యరలు దీనికి గలవు. ఎదిగిన కొరమీను అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలి గ్రుక్క తీసికొననిదే బ్రతుకజాలదు. కుండలో కొద్ది నీటిలో పెట్టి సంతకు ప్రాణముతో కొనిపోవుట అందుకే సాధ్యమగుచున్నది. ఒక చేప గాలి తగిలి చచ్చును. ఇంకొక చేప గాలి తగులక చచ్చును! వాలుగకు చేసిన ఉపచారమునే కొరమీనుకు చేసి, తల పైకెత్తనీయక నీటిలో అదిమిపట్టినచో, ఆ ఉపకారము అపకారమగును. దానిని త్రోవ ఇచ్చి విడిచినచో చాలును. ప్రాణిని ఎరుగనిదే దయ చూపుట సాధ్యము గాదని చెప్పుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము ప్రకృతిశాస్త్ర పాఠములో దొరకునా?

రెండవ పాఠము కాలము. మృగశిరకార్తె ప్రవేశించునాడు చేప తినవలెనని మన ప్రాంతమున గట్టి నమ్మకము. జూన్ మొదటి పక్షములో వచ్చు ఆ దినమున కొరమీనుకు గల గిరాకి అందరెరిగినదే. ఆ ఆచారమును నేను ఆక్షేపింపను. కాని తొలకరి వానలకు చెరువులలోనికి క్రొత్తనీరు వచ్చు ఆ దినములే మన చేపలు పెక్కింటికి గ్రుడ్లు పెట్టు కాలము కూడ. వాలుగ వానకాలపు వరదనీటిలోనే సంతానము పొందును. కొరమీను నీటిమొక్కల నడుమ గూడు వంటి చోటు చేసికొని గ్రుడ్లు పెట్టును. పొదిగిన పిల్లలు ఎర్రని గుంపుగా నీటిపై తేలియాడుచుండగా, తల్లియు తండ్రియు క్రింద కావలి కాయుచుండును. పిల్లల గుంపు కనబడినచోట గాలము వేసినచో పెద్దచేప తప్పక పట్టుపడునని కుఱ్ఱవాండ్రు ఎరుగుదురు. అది ఆకలికి కాటు వేయునది కాదు. బిడ్డలపైకి వచ్చిన శత్రువును తరుముటకై వేయు కాటు. ఆ కావలిని తొలగించినచో ఆ గుంపు గుంపంతయు ఇతర చేపలపాలు, పక్షులపాలు అగును. అట్టి సమయమున పట్టుపడిన చేపను పట్టినచోటనే, పట్టిన క్షణముననే విడువవలెను. అంతకంటె మంచిది, ఎర్రని గుంపు కనబడినచోట గాలమును చుట్టి ప్రక్కన పెట్టుట.

కాలమును గూర్చి ఇంకొక మాట. నీరు వేడెక్కినకొలది అందులో కరిగియుండు ప్రాణవాయువు తగ్గును. ఏప్రిల్, మే నెలలలో, మధ్యాహ్నపు వేళ, అడుగంటిన జలాశయములో పెనుగులాడి అలసిన చేపకు తిరిగి కోలుకొను శక్తి తక్కువ. ఆ వేళ పట్టుట మానుకొనుటయే విడుచుటలో మొదటి మెట్టు.

మూడవ పాఠము చోటు. పట్టిన చేపను పట్టిన నీటిలోనే విడువవలెను. ఈ సూత్రము మీరుటవలన కలుగు హాని రెండు విధములు. మొదటిది, మన చేపలనే తగని చోట వదలుట. మత్స్య సహకార సంఘములవారు బొచ్చె, రోహు పిల్లలను పోసిన చెరువులో జాలి కొలది వాలుగను తెచ్చి వదలినచో, పదుగురి సంవత్సరపు శ్రమను అది తినివేయును. వాలుగను దొంగయని జాలరులు కోపగించుటకు కారణము లేకపోలేదు. కాని నదిలో వాలుగ దొంగ గాదు, తలారి. జబ్బుపడినదానిని, బలహీనమైనదానిని ఏరివేయుచు నది కొలువును అది సరిదిద్దుచుండును. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ఈ జాతిని నేడు ఆపదకు లోనగుచున్న జాతులలో చేర్చినది. కావున చెరువులో దానికి చోటు లేదనువారును నదిలో దాని చోటును దానికి విడువవలెను.

రెండవది, పరదేశపు చేపలను మన నీటిలో వదలుట. అద్దాల తొట్టెలలో పెంచిన చేప పెద్దదై తొట్టె పట్టకపోయినప్పుడు, చంపుటకు చేతులు రాక, ప్రక్కనున్న చెరువులో వదలువారు కలరు. ఉత్తర అమెరికాకు చెందిన ఎలిగేటర్ గార్ అను చేప, మొసలివంటి మూతియు పండ్లును గలది, 2023లో భోపాలు పెద్ద చెరువులోను, శ్రీనగరమున దాల్ సరస్సులోను బయటపడినది. అది ఈదుకొని వచ్చినది గాదు. ఎవరి జాలియో దానిని అక్కడికి తెచ్చినది. సంతలలో రూప్‌చంద్ అని అమ్మునది దక్షిణ అమెరికా చేప. దాని నోట మనిషి పండ్లవంటి పండ్లుండును. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమును ప్రభుత్వము నిషేధించియున్నది. ఇట్టివి గాలమునకు చిక్కినప్పుడు, లేక తొట్టెలో బరువైనప్పుడు, వానిని నీటిలో వదలుట దయ గాదు. ఒక చేపపై చూపిన కనికరము వేయి చేపల మెడకు ఉరి. మత్స్యశాఖవారికి తెలియజేయుటయో, తొట్టె చేపనైనచో అమ్మినవానికే తిరిగి ఇచ్చుటయో చేయవలెను. ఎప్పుడు విడువరాదో తెలియుట కూడ విడుచుటలో భాగమే.

చోటును గూర్చి పిల్లలకు ఖండితముగా చెప్పవలసిన మాట ఒకటి గలదు. మంజీర అభయారణ్యములో అనుమతి లేనిదే చేపలు పట్టరాదు. అక్కడ మొసళ్లు గలవు. అవి రక్షణలో నున్నవి. మనము మాత్రము రక్షణలో లేము. మోకాలిలోతు నీటిలో వంగి చేపను విడుచు బాలుడు మొసలి కంటికి ఎట్లు కనబడునో ఉపాధ్యాయులు వివరింపనక్కరలేదు. పెద్దలు తోడు లేక పిల్లలు ఏ నీటికిని పోరాదు.

ఇక నాలుగవది, నీరు. పటాన్‌చెరువు ప్రాంతము పల్లెలతో, చెరువులతో నిండిన సీమ. 1970ల నుండి అక్కడ కర్మాగారములు పెరిగినవి; ముఖ్యముగా మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు. అవి వేలమందికి అన్నము పెట్టినవి. అవి చేసిన మందులు దేశదేశములలో రోగములను మాన్పినవి. కాని వాని మురుగు వాగులకు, చెరువులకు చేరినది. 1990లోనే ఈ కాలుష్యమును గూర్చిన వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు ఎక్కినది. ఉమ్మడిగా మురుగును శుద్ధి చేయు కేంద్రము నెలకొల్పిరి. దాదాపు 90 మందుల కర్మాగారముల మురుగును అందుకొను ఆ కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో తమ ఫలితములను ప్రకటించిరి. సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవినాశక ఔషధము ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. శుద్ధి చేసి వదలిన నీటిలో! తరువాత ఆ నీటిని గొట్టముల ద్వారా హైదరాబాదు అంబర్‌పేట మురుగునీటి కేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది. అయినను కథ ముగియలేదు. 2017లో గండిగూడెము చెరువులో చేపలు రాసులుగా చచ్చి తేలినవి.

విచిత్రమేమనగా, దానికి కొద్ది దూరములోనున్న అమీన్‌పూరు చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. నగరపు అంచున నున్న చెరువునకు అట్టి గౌరవము దక్కుట దేశమున అదియే మొదటిసారి. పక్షులను, చేపలను, మొక్కలను చూచి పొగడి ఇచ్చిన గౌరవమది. ఒక చెరువునకు సన్మానము, ఇంకొక చెరువునకు శవయాత్ర. నడుమ నున్నది కొద్దిపాటి దూరము మాత్రమే.

ఇప్పుడు అడుగుదును: పట్టకారు కొని, చేతులు తడుపుకొని, క్షణములు లెక్కించి, శాస్త్రోక్తముగా చేపను విడిచినవాడు ఏ నీటిలో విడుచుచున్నాడు? ఇంటినుండి తప్పించుకొనిపోయిన బాలుని ఓదార్చి, చేయిపట్టి, మెల్లగా కాలుచున్న ఇంటిలోనికే పంపినట్లు గాదా? ఇక్కడ కొరమీను ఇంకొక భ్రమను కల్పించును. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు రోహులు, బొచ్చెలు ముందు చచ్చును. పైగాలి పీల్చు కొరమీను నిలిచియుండును. దానిని చూపి ‘చేపలున్నవి, నీరు మంచిదే’ అనువారు కలరు. కడపటి వరకు నిలిచినవానిని చూపి ఊరు సుఖముగా నున్నదనుట ఎంత న్యాయమో ఇదియు అంతే న్యాయము. చెరువులో ఏ చేప ఉన్నదను దానికంటె ఏ చేప లేకపోయినదను ప్రశ్న ముఖ్యమైనది.

ఈ నీటికిని, మన చేతిగాయమునకును సంబంధము గలదు. చేపపంటి గాటు సామాన్యముగా సబ్బుతో, మంచినీటితో బాగుగా కడిగి, ధనుర్వాతము రాకుండ సూది వేయించుకొన్నచో మానునది. కాని మందులు కలిసిన నీటిలో ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగును. పటాన్‌చెరువు ప్రాంతపు వాగుల అడుగుమట్టిలో అట్టి నిరోధశక్తినిచ్చు జన్యువులు సమృద్ధిగా ఉన్నట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. రోగములను మాన్పుటకు పుట్టిన మందు, వాగులో పడి, రోగములకే వ్యాయామశాల యైనది. కావున అట్టి నీటి ఒడ్డున గాటుపడినవాడు దానిని చిన్నచూపు చూడక, వాపో, జ్వరమో కనబడినంతనే వైద్యుని యొద్దకు పోవలెను. ఏ నీటిలో గాయమైనదో కూడ చెప్పవలెను. మురుగువాగుల దరిదాపుల గాలము వేయకుండుటయే పిల్లలకు క్షేమము.

నా మాటలకు రెండు ఆక్షేపణలు రావచ్చును. మొదటిది: తినుటకు గాక, విడుచుటకే పట్టుట క్రూరము గాదా? ఈ ప్రశ్న తేలికైనది గాదు. విడువవలెనను ఉద్దేశముతోనే చేపను పట్టుటను స్విట్జర్లాండు దేశపు చట్టము నిషేధించుచున్నది. వినోదమునకై ప్రాణిని హింసింపరాదని అక్కడివారి వాదము. ఆ వాదమును నేను గౌరవింతును. అసలు గాలము పట్టనివాడే చేపకు పరమమిత్రుడు. కాని తినుటకై గాలము వేసినవానికిని విడువవలసిన చేపలు తప్పక చిక్కును. చిన్నవి చిక్కును, గ్రుడ్లతో నున్నవి చిక్కును, పిల్లలకు కావలి కాయునవి చిక్కును. గాలమున్నంతవరకు విడుచు విద్య అవసరమే.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బరువైనది: బావులు చెడి, పొలములు పాడయి మనుష్యులే బాధపడుచున్న సీమలో చేపను గూర్చి ఈ గొడవ యేల? దీనికి నా సమాధానమిది. చేపకు ఒక నీరు, మనిషికి ఒక నీరు అని రెండు నీళ్లు లేవు. బావిలోని నీరు, పొలములోని నీరు, చెరువులోని నీరు భూమిలోపల చుట్టములే. మనిషికి కలుగు జబ్బు పదేండ్లకు బయటపడును. అప్పటికి కారణమును రుజువు చేయుట కష్టము. చేప ఒక్కరాత్రిలో సాక్ష్యము చెప్పును. అట్టి సాక్షిని నిర్లక్ష్యము చేయుట మన కేసును మనమే ఓడించుకొనుట.

ఉపాధ్యాయులకు నా మనవి. జీవశాస్త్రములో మొప్పలను బోధించునాడు కొరమీనును వాలుగను ప్రక్కప్రక్కన నిలిపి చెప్పుడు; బొమ్మ గీచి అయినను సరియే. రసాయనశాస్త్రములో నీటిలో కరిగిన ప్రాణవాయువును గూర్చి చెప్పునాడు మీ ఊరి చెరువు పేరు చెప్పుడు. తెలుగుపాఠములో ‘మీనాక్షి’ వచ్చిననాడు మీనము ఎచట బ్రతుకునో కూడ ఒక మాట చెప్పుడు. విద్యార్థులచే తమ ఊరి నీటిలో ఏయే చేపలుండునో, తాతల కాలమున ఏవి ఉండెనో, జాలరులను అడిగించి ఒక పట్టిక వ్రాయించుడు. జాలరివాడలోని వృద్ధులు ఈ విషయములో ఏ పుస్తకమునకును తీసిపోరు. ఏటేట ఆ పట్టికను సరిచూచినచో ఏ పేరు కొట్టివేయబడినదో పిల్లలకే తెలియును. కొట్టివేసిన పేరు ఎదుట ‘ఎందుకు?’ అని వ్రాయు బాలుడు, పెద్దయైన పిమ్మట కర్మాగారములో రసాయనజ్ఞుడైనను, కార్యాలయములో అధికారియైనను, ఆ ప్రశ్నను వెంట తీసికొనిపోవును. పటాన్‌చెరువు కర్మాగారములలో రేపు పని చేయువారు నేడు మన తరగతులలోనే కూర్చుండియున్నారు. మురుగుగొట్టపు తలుపు ఎప్పుడు తెరవవలెనో, ఎప్పుడు తెరువరాదో నిర్ణయించు చేతులు అవియే.

వేయి కోరలుండియు వాలుగ ఆకలి తీరినంతనే వేటాడుట మానును. మనిషికి కోరలు లేవు. కాని అతని పట్టుకు అంతు లేదు. నదిని పట్టినాడు, చెరువును పట్టినాడు, భూగర్భజలమును పట్టినాడు. పట్టినదానిని ప్రాణముతో విడుచుట ఎట్లో అతడింకను నేర్చుకొనవలసియున్నది. ఆ చదువును తడిచేతులలోని ఒక చిన్న చేపతో ప్రారంభించుట సులభము. కాని అది నీటివరకు సాగనిదే పూర్తి గాదు.